జనం గోల మధ్య కబడ్డీ సాధన: ట్రాలీ స్పీకర్ ఎంతవరకు పనికొస్తుంది?

పెళ్లి ఊరేగింపుల్లో, వినాయక మండపాల ముందు కనిపించే చక్రాల ట్రాలీ స్పీకర్‌ను కబడ్డీ సాధనకు వాడవచ్చా అన్నదే ఈ సమీక్ష. కింది స్వరాలకు 15 అంగుళాల ఊఫర్, దాని పైన పై స్వరాలకు చిన్న హార్న్ ట్వీటర్, లోపల 12 వోల్టుల బ్యాటరీ, వెనక బ్లూటూత్, పెన్‌డ్రైవ్, ఆక్స్ (ఫోన్‌ను తీగతో కలిపే) పాయింట్లు, వెంట ఒకటో రెండో కార్డ్‌లెస్ మైకులు ఉండే రకం ఇది. రకరకాల పేర్లతో అమ్ముతారు గానీ లోపలి సరుకులో పెద్ద తేడా ఉండదు. అందుకే ఫలానా కంపెనీ అని కాకుండా ఆ రకాన్నే ఇక్కడ పరీక్షకు పెట్టాం. సొంత ఊళ్లో, సొంత జనం ముందు ఆడబోయే జట్టుకు ఆ హోరును ముందే అలవాటు చేయగలదా అన్నది చూశాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. మాట వినబడని పరిస్థితికి జట్టును సిద్ధం చేయడంలో ఇది చాలా బాగా పనిచేస్తుంది. ఆటగాళ్లలో ఊపు తెప్పించడానికని కొంటే మాత్రం డబ్బు దండగ. ఒక్కటి కాదు, రెండు కావాలి. ఒక్కదానికే డబ్బుందంటే, రెండోది అద్దెకు దొరికే రోజే సాధన పెట్టుకోండి.

సొంత జనం బలమే కదా, దానికి సాధన ఎందుకని చాలామంది అడుగుతారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్లు బయటి ఊరి మ్యాచ్‌కు ముందు సాధన మైదానంలో పెద్ద స్పీకర్లు పెట్టి గోల మోగిస్తాయి. అక్కడ గోల ఎంతగా ఉంటుందంటే, 2014లో కాన్సస్ సిటీ యారోహెడ్ స్టేడియంలో 142.2 డెసిబెల్స్ నమోదై గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అయితే అక్కడి జనానికి ఒక క్రమశిక్షణ ఉంది. బంతి తమ జట్టు చేతిలో ఉంటే గొంతు తగ్గిస్తారు, ఎదుటివాళ్ల చేతిలో ఉంటే చెవులు చిల్లులు పడేలా అరుస్తారు. కబడ్డీ జనానికి ఆ అలవాటు లేదు. మనవాడు కూతకు వెళ్లినా, అవతలివాడు కూతకు వచ్చినా, మనవాళ్లు కాలు పట్టినా ఒకటే హోరు. అంటే సొంత మైదానంలో ఎక్కువసేపు చెవులు పనిచేయకుండా పోయేది సొంత జట్టుకే. పైగా ఆ అరుపులు తమ కోసమే అన్న సంతోషంలో, తమ పిలుపులు తమకే వినబడటం లేదన్న సంగతి డిఫెండర్లు గమనించరు. బయటినుంచి వచ్చిన జట్టు ఇబ్బంది పడటానికి సిద్ధపడే వస్తుంది. ఇంటి జట్టు అలా సిద్ధపడదు.

కబడ్డీలో మాట వినబడకపోతే నష్టం ఎక్కడ మొదలవుతుందో చూడాలి. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టులో ఒక్కో సగం లోతు ఆరున్నర మీటర్లు. అందులో ఏడుగురు డిఫెండర్లు: రెండు కార్నర్లు, రెండు ఇన్‌లు, రెండు కవర్లు, మధ్యలో ఒకరు. చేతులు పట్టుకున్న జంటలకు ఒకరి కదలిక ఇంకొకరికి తెలుస్తుంది. కానీ అవతలి పక్క కార్నర్ ఎప్పుడు దూకుతున్నాడో ఇవతలి కవర్‌కు తెలిసేది మాటతోనే. రైడర్ వీపు తిప్పగానే వెనకనుంచి వచ్చే ‘పట్టు’ అన్న కేక అర సెకను ఆలస్యంగా వినబడినా, కార్నర్ ఒక్కడే యాంకిల్ (చీలమండ) పట్టి ఈడ్చుకుపోతాడు, సాయం రాదు. సొంత మైదానంలో తేలిగ్గా పోగొట్టుకునే పాయింట్లలో ఇదే పెద్ద భాగం.

రైడర్ సంగతి వేరు. చుట్టూ గోల పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. మాట్లాడేవాడికి దానితో నష్టం లేదు, కూత పెట్టేవాడికి ఉంది. గొంతు పెంచితే ఊపిరి త్వరగా ఖర్చవుతుంది. 30 సెకన్ల రైడ్‌లో ఇరవయ్యో సెకను దగ్గర కూత పలచబడుతుంది. అది తెగినా, స్పష్టత తప్పినా రైడ్ చేజారుతుంది. ఇంకో నష్టం తొందరపాటు. మనవాడు గీత దాటగానే లేచే కేరింతకు కాళ్లు వేగం పుంజుకుంటాయి. నిదానంగా ఒక కార్నర్‌ను కదిలించి చూడాల్సిన రైడ్‌లో ఎనిమిదో సెకనులోనే చెయ్యి చాపి దొరికిపోతాడు. డూ ఆర్ డై రైడ్‌లో, అంటే వరుసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత పాయింట్ తేకపోతే ఔటయ్యే రైడ్‌లో, ఇది మరీ ఎక్కువ.

జనం చూస్తుంటే బాగా వంటబట్టిన పని ఇంకా బాగా వస్తుందని, కొత్తగా నేర్చుకుంటున్న పని చెడుతుందని రాబర్ట్ జాయొంట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో చెప్పాడు. కోచింగ్‌లో రోజూ కనిపించేదే ఇది. ఏళ్ల తరబడి వేసిన థై హోల్డ్ (తొడ పట్టు) జనం ముందు మరింత బిగుస్తుంది. గత నెలలో నేర్పిన డ్యాష్ (రైడర్‌ను గీత బయటికి గుద్ది తోసేయడం) అదే జనం ముందు గతి తప్పుతుంది. అందుకే స్పీకర్ వాడకంలో మొదటి నియమం చెబుతున్నాం: కొత్త పట్టు నేర్పేటప్పుడు స్పీకర్‌ను గదిలోంచి తియ్యొద్దు. నిశ్శబ్దంలో పది సార్లకు తొమ్మిది సార్లు సరిగ్గా పడుతున్న పట్టునే గోలలోకి తీసుకురండి.

ఇక స్పీకర్ ఎంతమాత్రం తేలేని భాగం రెఫరీ. సొంత మైదానంలో దక్కే మేలులో గణనీయమైన వాటా ఆటగాడి కాళ్లలో కాదు, నిర్ణయాలు ఇచ్చేవాడి మనసులో పుడుతుంది. 2002లో నెవిల్, బాల్మర్, విలియమ్స్ అనే పరిశోధకులు 40 మంది ఫుట్‌బాల్ రెఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ జట్ల మ్యాచ్‌లోని 47 ఘటనల వీడియో చూపించారు. కొందరికి జనం శబ్దంతో, కొందరికి శబ్దం లేకుండా. శబ్దం విన్నవాళ్లు సొంత జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు 15.5 శాతం తగ్గాయి. 2020 మే 16న జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లిగా ఖాళీ స్టాండ్ల మధ్య మళ్లీ మొదలయ్యాక సొంత జట్ల గెలుపులు తగ్గాయి. ఆ కాలపు మ్యాచ్‌లను పరిశీలించిన అధ్యయనాల్లో చాలావాటికి, బయటి జట్లకు పడే కార్డుల్లో మునుపటి పక్షపాతం పలచబడినట్టు కనిపించింది. బోనస్ గీత మీద కాలు పడిందా, కోర్టు పక్కనున్న పట్టీ అయిన లాబీలోకి ముందే వెళ్లాడా అన్న సందేహపు నిర్ణయాల మీద మన దగ్గరా ఇదే ఒత్తిడి ఉంటుందని మా నమ్మకం. స్పీకర్ పక్కన విజిల్ పట్టుకుని నిలబడ్డ మీ సహాయ కోచ్‌కు ఆ ఒత్తిడి రాదు.

జనం వస్తే జట్టు మారిపోతుందన్న ఆశ కూడా వద్దు. 2021 డిసెంబరులో మొదలైన ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్ మొత్తం బెంగళూరులో ప్రేక్షకులు లేకుండా జరిగింది. తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది. తొమ్మిదో సీజన్‌కు జనం తిరిగొచ్చారు, గచ్చిబౌలిలోనూ మ్యాచ్‌లు జరిగాయి. టైటాన్స్ గెలుపులు రెండు. బలహీనమైన డిఫెన్స్‌ను ఎంత హోరూ నిలబెట్టలేదు.

ఇప్పుడు పెట్టె గురించి.

అట్ట మీద వేల వాట్ల అంకె రాసి ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి, అది పీఎంపీఓ, అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి లెక్క, కొలతగా దానికి విలువ లేదు. ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఎడతెగకుండా ఇవ్వగలిగేవి, ఎంతో అడగండి. మన పనికి కావాల్సింది మీటరు దూరంలో సుమారు 103 డెసిబెల్స్‌ను చీలిక లేకుండా ఇవ్వగలగడం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దగ్గర 103 ఉంటే రెండు మీటర్ల దగ్గర 97, నాలుగు దగ్గర 91, ఎనిమిది దగ్గర 85, స్పీకర్ నుంచి మ్యాట్ మధ్యకు ఉండే దాదాపు పదకొండు దగ్గర 82. రెండు స్పీకర్లు వేర్వేరు శబ్దం వినిపిస్తే కలిసి మరో 3 పెరిగి మ్యాట్ మధ్యలో 85 దాకా వస్తుంది. గట్టిగా అరిచిన మనిషి గొంతు మీటరు దూరంలో దాదాపు 85 ఉన్నా, మూడు మీటర్లు దాటేసరికి 75కు జారుతుంది. అంటే 85 ఉన్న మ్యాట్ మీద అవతలి కార్నర్ కేక మునిగిపోతుంది, పక్కనున్నవాడి మాట మాత్రం అందుతుంది. నిండిన స్టేడియంలో ఉండే పరిస్థితి సరిగ్గా ఇదే. ఒక్క స్పీకర్‌తో 82 దగ్గర ఆగిపోతే దాని వైపున్న ముగ్గురికే ఇబ్బంది, మిగతా నలుగురు మామూలుగా ఆడుకుంటారు. రెండు కావాలనడానికి కారణం అదే. రేకుల షెడ్డులో అయితే ప్రతిధ్వని వల్ల ఈ లెక్కకన్నా శబ్దం ఎక్కువ నిలుస్తుంది, వాల్యూమ్ తగ్గించుకోవాలి.

స్పీకర్లను కోర్టుకు ఎదురెదురు మూలల్లో, చివరి గీత నుంచి మూడు నాలుగు మీటర్ల అవతల పెట్టండి. నేల మీద పెడితే మొదటి వరుసలో నిలబడ్డవాళ్ల ఒళ్లే శబ్దాన్ని ఆపేస్తుంది, బెంచీ మీదికి ఎత్తండి. హార్న్ ఆటగాళ్ల తల ఎత్తుకు కాస్త పైన ఉండి, మ్యాట్ మధ్యవైపు తిరిగి ఉండాలి. ఇంతకన్నా దగ్గరికి జరపకండి. పట్టు జారిన రైడర్ దొర్లుకుంటూ వచ్చి చక్రాల పెట్టెకు తగిలే ప్రమాదం ఉంది.

ఈ పెట్టెలతో వచ్చే పెద్ద చిక్కు బాస్. పాటలు దద్దరిల్లాలని తయారుచేసినవి కాబట్టి కింది స్వరాలు ఉబ్బి ఉంటాయి. మనిషి మాటలో అర్థం చెప్పే భాగం సుమారు 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. దాన్ని కప్పాలంటే గోల కూడా అక్కడే ఉండాలి. బాస్ బూస్ట్ పెట్టి మోగిస్తే ఛాతీ అదురుతుంది, సౌండ్ మీటరులో అంకె ఎక్కువ చూపిస్తుంది, మాటలు మాత్రం చక్కగా వినబడుతూనే ఉంటాయి. బాస్ బూస్ట్ ఆపేసి, బాస్ నాబ్‌ను సగానికి తగ్గించి, పై స్వరాల ట్రెబుల్‌ను సగం పైకి జరపండి. ఎకో నాబ్ సున్నా. సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి ఒకరిని లెఫ్ట్ కార్నర్‌లో, ఒకరిని రైట్ కార్నర్‌లో వీపులు తిప్పి నిలబెట్టి అంకెలు చెప్పించండి. పదింటిలో ఏడెనిమిది తప్పుగా వినబడితే చాలు. ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్ కన్నా ఈ పరీక్షే నమ్మదగినది. ఫోన్ మైకులు పెద్ద శబ్దాల దగ్గర కొన్ని డెసిబెల్స్ తేడా చూపిస్తాయి.

ఇంకో చిక్కు, పాటకూ హోరుకూ ఉన్న తేడా. పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో స్పీకర్ కాయిల్ చల్లబడుతుంది. జనం హోరుకు ఆ ఖాళీ ఉండదు. ఫుల్ వాల్యూమ్‌లో ఎడతెగకుండా మోగిస్తే మొదట ట్వీటర్ కాలుతుంది. వాల్యూమ్‌ను మూడింట రెండు వంతులు దాటించకండి. శబ్దంలో గరగర మొదలైందంటే అప్పటికే ఆలస్యమైంది, వెంటనే తగ్గించాలి. బ్యాటరీ చివరికొచ్చినప్పుడు కూడా ఇదే గరగర వస్తుంది. ఛార్జి తగ్గేకొద్దీ తక్కువ వాల్యూమ్‌లోనే శబ్దం చీలుతుంది. లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న మోడల్ అయితే, సాధన అయిన రాత్రే ఛార్జింగ్ పెట్టండి. ఖాళీగా వారాల తరబడి గదిలో పడేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది. సీజన్ లేని నెలల్లో ఈ పెట్టెలు పాడవడానికి అసలు కారణం ఇదే.

మైకుల్ని అసలు ఆన్ చేయకండి. చాలా మోడళ్లలో మైక్ ప్రయారిటీ అని ఒకటి ఉంటుంది. మైకులో శబ్దం పడగానే పాట వాల్యూమ్ దానంతటదే తగ్గుతుంది. టేబుల్ మీద వదిలేసిన మైకు గోలనే మాట అనుకుని గోలను తగ్గించేస్తుంది, పైగా కీచుమంటుంది. బ్లూటూత్‌కు కలిపిన ఫోన్‌ను ముందు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తర్వాత బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేయండి. లేదంటే డూ ఆర్ డై రైడ్ మధ్యలో రింగ్‌టోన్ మోగుతుంది.

శబ్దం ఎక్కడినుంచి తేవాలన్నది స్పీకర్‌కన్నా ముఖ్యం. టీవీ ప్రసారం రికార్డు చేస్తే వ్యాఖ్యానం కలిసొస్తుంది, పనికిరాదు. గ్యాలరీలో కూర్చుని ఫోన్‌తో తీస్తే పక్కవాడి ఈల తప్ప ఇంకేమీ వినబడదు. పైగా మామూలు రికార్డింగ్‌లో ఫోన్ తనంతట తానే చిన్న శబ్దాన్ని పెంచి పెద్ద శబ్దాన్ని అణిచేస్తుంది కాబట్టి హోరు ఎగసిపడటం అనేదే పోతుంది. మనకు కావాల్సింది ఆ ఎగసిపాటే. శబ్దం స్థాయిని మనమే నిర్ణయించే వీలున్న రికార్డింగ్ యాప్‌తో, ఆటగాళ్ల బెంచీ పక్కన నేల ఎత్తులో, నిర్వాహకుల అనుమతితో మీ జిల్లా టోర్నమెంట్ ఫైనల్‌నే రికార్డు చేయండి. డప్పులు, ఈలలు, సీసాల చప్పుడు, మీ యాసలో కేకలు, అన్నీ అందులో ఉంటాయి. మీ జట్టు వినబోయేది అదే.

దానిలోంచి నాలుగు ఫైళ్లు చేసుకోవాలి. ఒకటి, పావుగంట నిడివి ఉన్న మామూలు గుసగుస, అక్కడక్కడ డప్పు. రెండు, పది సెకన్లలో మెల్లగా పెరిగే హోరు. మూడు, ఒక్కసారిగా బద్దలయ్యే కేరింత. నాలుగు, బయటి జట్టు రైడర్‌ను ఎగతాళి చేసే ‘ఓ’ అన్న సాగదీత. మొదటి ఫైలును అర నిమిషం ముక్కగా చేసి తిప్పి తిప్పి వేస్తే మూడో రౌండుకే చెవి దాన్ని పట్టేస్తుంది, ఫలానా ఈల తర్వాత ఫలానా కేక అని తెలిసిపోయాక అది గోల కాదు, గడియారం. ఆ పావుగంట ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి మొదటి స్పీకర్‌కు ఇవ్వండి. మిగతా మూడూ ఫోన్‌లో పెట్టి రెండో స్పీకర్‌కు ఆక్స్ తీగతో కలపండి. బ్లూటూత్ కూడా పనిచేస్తుంది గానీ నొక్కిన తర్వాత కొద్దిగా ఆలస్యమవుతుంది, కొన్ని పెట్టెలు శబ్దం లేని కాసేపటికి నిద్రలోకి జారి మొదటి సెకను మింగేస్తాయి.

ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టే సాధన ఫలిస్తుంది. ఆట తెలిసిన సీనియర్‌కు ఇవ్వండి. రైడర్ మధ్య గీత దాటగానే పెరిగే హోరు. రైడర్ తప్పక దాటాల్సిన బాక్ లైన్ దాటి, దాని వెనకున్న బోనస్ గీత వైపు కాలు చాస్తే ఇంకా పైకి. పట్టు పడగానే కేరింత. అది కనీసం ఐదు సెకన్లు ఆగకూడదు, ఎందుకంటే అసలు మ్యాచ్‌లో తర్వాతి రైడ్ ఆ కేరింతలోనే మొదలవుతుంది. డిఫెండర్లు చోట్లు సర్దుకోవడం, ఎవరు బయటికెళ్లారో లెక్కపెట్టుకోవడం, ఇప్పుడు బోనస్ ఉందా లేదా అని చూసుకోవడం అన్నీ వినబడని ఆ ఐదు సెకన్లలోనే జరగాలి. డిఫెండ్ చేసే జట్టులో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే రైడర్‌కు బోనస్ అన్న చిన్న లెక్క కూడా ఆ గోలలో తప్పిపోతుంటుంది.

మాట పోయిన చోట చెయ్యి రావాలి. జంటలో ఒకరి చెయ్యి ఒకసారి నొక్కితే ముందుకు, రెండుసార్లు నొక్కితే వెనక్కు, వదిలేస్తే నేను దూకుతున్నాను అని అర్థం. జట్టు తనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు గానీ మూడుకు మించి సంకేతాలు పెట్టకండి. అవతలి పక్కకు కబురు పంపడానికి మధ్యలో ఉన్నవాడి చూపే దారి. అతను రైడర్ నడుమును చూస్తూనే రెండు కార్నర్లనూ కంటి కొసతో పట్టుకోవాలి. గోల లేని సాధనలో ఈ అలవాటు రానే రాదు, ఎందుకంటే దాని అవసరమే పడదు. ఈ పెట్టె పెట్టిన డబ్బుకు న్యాయం చేసేది ఇక్కడే.

రైడర్లకు సాధన ఇంకోలా ఉండాలి. కూతను మామూలు మాట స్థాయిలోనే ఉంచి 30 సెకన్లు పూర్తిచేయడం నేర్పండి. రెఫరీ పాత్రలో ఉన్నవాడు రైడర్‌తోపాటే పక్కనుంచి కదలాలి, కూత వినబడకపోతే పెదవులు చూడాలి. గడియారం తెర లేని జిల్లా టోర్నమెంట్లలో బెంచీ నుంచి ‘పది, అయిదు’ అని చెప్పే లెక్క గోలలో అందదు, కాబట్టి రైడర్ తన కూతల సంఖ్యతోనే సమయం అంచనా వేసుకోవాలి. 30 సెకన్లకు తనకు ఎన్ని కూతలు పడతాయో ముందు నిశ్శబ్దంలో, తర్వాత హోరులో లెక్క వేయించండి. హోరులో సంఖ్య పెరిగిందంటే తొందరపడుతున్నాడని అర్థం.

నిశ్శబ్దం కూడా సాధన చేయాల్సిందే. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్‌కు 92,453 మంది వచ్చారు. అంతమంది జనం మూగబోతే వినడాన్ని మించిన తృప్తి లేదని ముందురోజే చెప్పిన ఆస్ట్రేలియా కెప్టెన్ పాట్ కమిన్స్, 54 పరుగుల దగ్గర కోహ్లీని బౌల్డ్ చేసి ఆ పని చేసి చూపించాడు. తర్వాత ట్రావిస్ హెడ్ 137 పరుగులతో మిగతాది పూర్తిచేశాడు. హోరుకు అలవాటుపడ్డ సొంత జట్టుకు ఆ ఖాళీ, అరుపులకన్నా బరువుగా ఉంటుంది. సాధనలో అవతలి జట్టు సూపర్ ట్యాకిల్ (ముగ్గురు లేదా అంతకన్నా తక్కువమంది మిగిలినా రైడర్‌ను పట్టేయడం) చేసినప్పుడు రెండు స్పీకర్లనూ ఒక్కసారిగా ఆపేయండి. ఇద్దరు ముగ్గురి సణుగుడు తప్ప ఏమీ వినబడని ఆ పది సెకన్లలో కెప్టెన్ ఏం చేస్తాడో చూడండి. ముందుగా అనుకున్న ఒకే మాట, ఒకే కదలిక ఉండాలి. అందరినీ దగ్గరికి పిలిచి తర్వాతి రైడర్ పేరు చెప్పడం చాలు.

స్పీకర్‌కు రాని పని ఇంకొకటుంది. అది ఎవరినీ పేరుపెట్టి పిలవదు. సొంత ఊళ్లో ఆడేవాడికి గ్యాలరీలో వినబడేది వేలమంది గొంతు కాదు, మేనమామ గొంతు, పాత స్కూలు సార్ గొంతు. ఆ బరువు కోసం టోర్నమెంట్‌కు ముందు చివరి రెండు ఆదివారాలు మనుషుల్నే పిలవండి. జూనియర్ జట్లు, ఇళ్లవాళ్లు కలిపి అరవై మంది మ్యాట్ చుట్టూ దగ్గరగా నిలబడినా పెద్ద తేడా ఉంటుంది. అయితే పది నిమిషాలకే వాళ్ల గొంతులు అలసిపోతాయి. అప్పుడు అడుగున స్పీకర్ గుసగుస నడుస్తుంటే ఖాళీ తెలియదు.

బ్యాడ్మింటన్ అకాడమీల వాళ్లకు ఒక మాట. రాకెట్ తగిలిన చప్పుడును బట్టి కూడా షటిల్ వేగాన్ని అంచనా వేసే ఆట అది. జకార్తాలోని ఇస్తోరా హాల్లో ప్రతి స్మాష్‌కూ జనం ఒక్క గొంతుతో లేస్తారు. అక్కడికి వెళ్లేవాళ్లకు ఈ సాధన చాలా అవసరం. నాలుగు గోడల హాల్లో వాళ్లకు ఒక్క పెట్టే సరిపోతుంది.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటల వరకు పరిమితి అని, ఆ పైన 3 పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంటే. గంటన్నర సాధనలో గోల వాటా ఇరవై నిమిషాలు మించకుండా, వారానికి రెండుసార్లు, టోర్నమెంట్‌కు ముందు రెండు మూడు వారాలు చాలు. ఫోన్ పట్టుకున్న సీనియర్ స్పీకర్‌ను ఆనుకుని నిలబడితే అందరికన్నా ఎక్కువ దెబ్బ అతనికే. ఐదారు మీటర్ల పొడవున్న ఆక్స్ తీగ తెచ్చి దూరంగా నిలబెట్టండి. సబ్ జూనియర్లకు 80 దాటించకండి, వాళ్లకు మొదటి ఫైలు ఒక్కటే చాలు.

మ్యాచ్ రోజున ఈ పెట్టెను ఇంట్లోనే ఉంచండి. సొంత మ్యాచ్‌ల్లో రికార్డు చేసిన గోల మోగించినందుకు అమెరికాలో అట్లాంటా ఫాల్కన్స్ జట్టుకు 2015లో మూడున్నర లక్షల డాలర్ల జరిమానా పడింది, మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్ ఎంపికను కూడా పోగొట్టుకుంది. ఊరి టోర్నమెంట్‌లో జరిమానా ఉండకపోవచ్చు. ఎదుటి జట్టుకు చేసిన అన్యాయం మాత్రం అదే.

మైదానం బడిలో ఉంటే ఇంకో అడ్డంకి ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడకానికి రాతపూర్వక అనుమతి కావాలి, బడులు, ఆసుపత్రులు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట మోగించకూడదు. హెడ్‌మాస్టర్ సంతకంతో స్థానిక పోలీసులకు ముందే దరఖాస్తు ఇవ్వండి. బడి వదిలాక, పరీక్షల నెలలు కాకుండా చూసుకోండి. తెల్లవారుజామున సాధన చేసే జట్లకు ఈ పద్ధతి కుదరదు.

కొనడానికి దుకాణానికి వెళ్లేటప్పుడు మీ పావుగంట ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లండి. అక్కడ పాట పెట్టి వినిపిస్తారు, ఏ పెట్టె అయినా బాగానే అనిపిస్తుంది. మీ హోరును మూడింట రెండు వంతుల వాల్యూమ్‌లో, ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద, పది నిమిషాలు మోగించమనండి. గరగర వస్తే వద్దు. మైక్ ప్రయారిటీని ఆపే స్విచ్ ఉందో లేదో చూడండి, ఆక్స్ పాయింట్ వదులుగా ఊగుతోందేమో వేలితో కదిపి చూడండి. చక్రాలు గట్టి రబ్బరువై ఉండాలి, ప్లాస్టిక్ చక్రాలు మట్టి మైదానంలో నెలకే పోతాయి. బ్యాటరీకి విడిగా ఎన్ని నెలల వారంటీ ఉందో బిల్లు మీద రాయించుకోండి, పెట్టె వారంటీలో అది కలవకపోవచ్చు.